రోడ్డును లేపవలదు, దింపవలెను: నిజామాబాదు జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ

కలెక్టరు గారి సముఖమునకు కందకుర్తి గ్రామవాసి చేయు విన్నపము.

గోదావరి తెలంగాణమున అడుగిడు తావున, మంజీరయు హరిద్రయు వచ్చి ఆ మహానదిలో కలియు సంగమముచెంత నెలకొనియున్న మా ఊరికి, 2027లో రానున్న పుష్కరములను పురస్కరించుకొని ధనము వచ్చుననియు, స్నానఘట్టములు విస్తరిల్లుననియు, రోడ్లు వెడల్పగుననియు ఊరంతయు చెప్పుకొనుచున్న ఈ సమయమున, ఆ ధనములో అత్యల్పమైన యొక భాగమును ఏ యాత్రికుని కంటను పడని ఒక గల్లీకై వినియోగింపుడని కోరుటకు ఈ లేఖ వ్రాయుచున్నాను. ప్రజావాణిలో వరుసన నిలిచి తమ చేతికీయదగిన అర్జీని ఇట్లు పదుగురు చదువునట్లు వ్రాయుటకు హేతువు లేకపోలేదు. ఇందు చెప్పబోవునది మా గల్లీ యొక్కదాని గోడు కాదు. బోధనులోను, నిజామాబాదు పాతబస్తీలోను, ఆర్మూరులోను ఇట్టి గల్లీలలో కాపురముండువారు దీనిని చదివి, అవునో కాదో తమతమ కడపలయొద్ద కొలిచి చూచుకొనవలెనని నా కోరిక.

మా ఊరికి వచ్చువారు పలుతెరగులవారు. సంగమస్నానమునకో, పితృకార్యమునకో, అస్థినిమజ్జనమునకో వచ్చి తిన్నగా ఏటిగట్టు చేరువారు కొందరు. డాక్టరు కేశవ బలిరాం హెడ్గేవారు పూర్వుల ఊరని విని ఆయన స్మారకమందిరమును చూడవచ్చువారు కొందరు. వేసవిలో నీరు తీసినపుడు నదీగర్భమున వెల్లడియగు పాత శివాలయమునకు ఫొటో తీసికొని, వంతెనమీదుగా ధర్మాబాదువైపు సాగిపోవువారు మరికొందరు. వీరెవ్వరును గల్లీలలోనికి రారు. రావలసిన పనియు లేదు. 2015 జులైలో జరిగిన పుష్కరముల పండ్రెండు దినములలో ఇసుక వేసిన రాలనంత జనము వచ్చినపుడు సైతము, ఆ జనప్రవాహము పెద్దరోడ్డు వెంబడి వచ్చి పెద్దరోడ్డు వెంబడి పోయెను. పుష్కరము పండ్రెండు దినములది. మిగిలిన పండ్రెండేండ్లును ఊరివారు బ్రదుకవలసినది ఆ వెనుక గల్లీలలోనే.

నేను చెప్పు గల్లీ ఊరినడుమనుండి ఏటివైపునకు కొంచెము వాలుగా దిగును. ఎడ్లబండి యొకటి పోవునంత వెడల్పు. ఇరుప్రక్కల డంగుసున్నముతో కట్టిన రాతిగోడల పాత ఇండ్లు కొన్ని, వాని నడుమ స్లాబు వేసిన కొత్త ఇండ్లు కొన్ని. ఒకచోట పూడిన చేదబావి, దాని ప్రక్క వేపచెట్టు, దాని వెనుక కూలిపోయిన యొక ఇంటి ఖాళీ జాగ. ఆ జాగలో కంపచెట్లు, పగిలిన ప్లాస్టిక్కు బిందెలు, ఎవ్వరివో తెలియని టైర్లు. వాన పడినచో మోరి పొంగి రోడ్డెక్కును. చీకటి పడిన పిమ్మట ఆడుపిల్లలు ఆ దారిని విడిచి చుట్టుతిరిగి పోవుదురు. ఇంతకుమించి దానిని గూర్చి వర్ణింపదగినది లేదు. ఇట్టివి ప్రతి ఊరను గలవని తామనుకొందురేమో. అది నిజమే, నా బాధయు నదియే.

ఆ గల్లీలో పాత అరుగొకటి మిగిలియున్నది. మధ్యాహ్నపు వేళ అటు పోయినవారికి, నలుగురైదుగురు స్త్రీలు దానిపై కూర్చుండి బీడీలు చుట్టుచు కనబడుదురు. మా జిల్లాలో బీడీపని ఎంతమంది ఆడువారికి కూడుపెట్టుచున్నదో తమకు నేను విన్నవింపనక్కరలేదు. పింఛను జాబితాలు తమ బల్లమీదికే వచ్చును. రాత్రి నానవేసి తడిగుడ్డలో చుట్టియుంచిన తునికాకును ప్రొద్దున రేకు అచ్చునుంచి కత్తెరతో కత్తిరించి, చాటలో ఆకు ఒకవైపు, తంబాకు ఒకవైపు పోసికొని, చిటికెడు తంబాకు ఆకుపై పరచి, వ్రేళ్ళనడుమ గిఱ్ఱున త్రిప్పి, దారము చుట్టి, మూతి మడిచి, కట్టలు కట్టి సాయంత్రమునకు టేకేదారుని కార్ఖానకు చేర్చవలయును. ఇంటిలోపల కూర్చుండి చేసినచో తంబాకు ఘాటు పసిపిల్లలకు తగులును, వెలుతురును చాలదు. బయలునందు కూర్చున్నచో గాలికి తంబాకు ఎగిరిపోవును. ఎదురెదురు గోడలు గాలిని అడ్డగించి, వెలుతురును మాత్రము రానిచ్చు గల్లీ అరుగే ఈ పనికి తగిన స్థలము. అంతకన్నను ముఖ్యమైనది తోడు. వేయి బీడీలు ఒంటరిగా చుట్టుట వేఱు, ఎదురింటి వదినెతో మాటలాడుచు చుట్టుట వేఱు. పనితోపాటు సంబంధములు కుదురుట, తగవులు తీరుట, చిట్టీలు పాడుట, పురిటికి పోయిన పిల్ల క్షేమము తెలియుట, అన్నియు ఆ అరుగుమీదనే.

అయితే ఆ మిగిలిన యొక్క అరుగు రోడ్డుకంటె నాలుగు వ్రేళ్ళు మాత్రమే ఎత్తుగా నున్నది. దానిపై కూర్చున్న స్త్రీ కాళ్ళు చాపినచో మోటారుసైకిలు పోవు త్రోవ. మడిచినచో మోకాళ్ళు రొమ్ముదాక లేచి ఒడిలో చాట నిలువదు. ఒకామె ఇంటినుండి బక్కెటు తెచ్చి బోర్లించి దానిపై కూర్చుండును. బండి యొకటి పోయినప్పుడెల్ల అందరును చాటలపై కొంగులు కప్పుదురు, దుమ్ము పడునని.

ఆ అరుగు నేలలోనికి దిగలేదు. రోడ్డే పైకి లేచినది. మా పెద్దలు అరుగు మూరెడెత్తున కట్టెడివారు. మనిషి మోకాలు మడిచి కూర్చుండుటకు అది సరియైన ఎత్తు. సీసీ రోడ్డు పొర సాధారణముగా ఆరంగుళముల మందముండును. పాతదానిని త్రవ్వి తీయకయే దానిపై కొత్తపొర పోయుట ఆచారమైనందున, గోడకు సున్నముమీద సున్నము వేసినట్లు, మూడుమార్లు రోడ్డు పడుసరికి మూరెడు రోడ్డు లేచును. మూరెడు అరుగు మాయమగును. దీనిని ఎవ్వరును కూలగొట్టలేదు, ఎవ్వరును ఆక్రమింపలేదు. గల్లీకి మంచి చేయుదమని ప్రతిమారును చేసిన పనియే దానిని మ్రింగినది. ఆ తరువాతి కథ తమకు తెలియనిది కాదు: వాననీరు కడప దాటి ఇంటిలోనికి వచ్చును, పేదవాడు కడపకు అడ్డముగా ఇటుకల కట్ట కట్టుకొనును, కలిగినవాడు పాత ఇల్లు పడగొట్టి, నాలుగడుగుల పునాదిపై కొత్త ఇల్లు లేపి, మోటారుసైకిలు ఎక్కుటకు గల్లీలోనికి సిమెంటు ర్యాంపు దింపును. అరుగుండిన చోట ర్యాంపు వచ్చినది. కూర్చుండు మనుష్యుడు నిలిచియుండు బండికి చోటిచ్చి లోపలికి పోయి టీవీ ముందు కూర్చున్నాడు.

పొరమీద పొర ఎందుకు వేయుదురని విచారించినచో, ఇందు ఎవ్వరి దుర్బుద్ధియు కనబడదు, లెక్కల పద్ధతియే కనబడును. కొత్తగా పోసిన కాంక్రీటు పొడవు, వెడల్పు, మందము కొలతలు వ్రాయు ఎం.బి. పుస్తకమున కెక్కును, ఎక్కినదానికి బిల్లు వచ్చును. పాత పొరను పెల్లగించి మోసికొనిపోవుట అంచనాలో చేర్చనిదే ఎవ్వడు చేయును? ఉపాధిహామీ సామగ్రి నిధులతోనో, మఱియొక పద్దుక్రిందనో మార్చి నెలలోపల ఖర్చు కావలసిన ధనము గల్లీ లోతును చూచునంత తీరికనీయదు. కావున గుత్తేదారుని నిందించి ప్రయోజనము లేదు. అంచనాలో ఒక్క పంక్తి చేరవలెను: పాత రోడ్డును తొలగించి, పూర్వపు మట్టమునకే కొత్త రోడ్డు వేయుట. ఈ లేఖయంతయు ఆ ఒక్క పంక్తికొఱకే యనుకొన్నను నేను కాదనను.

త్రవ్వి దిగుటవలన ఏమి లభించునో సికిందరాబాదులోని బన్సీలాల్‌పేట చూపినది. ఇండ్లు ఇరుకుగా నున్న ఆ బస్తీలో, దశాబ్దములుగా చెత్తతో పూడిపోయి, ఉన్నదన్న సంగతియే పలువురు మరచిన పాత మెట్లబావి యొకటి యుండెను. వాననీటి సంరక్షణకై కృషిచేయు కల్పనా రమేశ్ గారును, హైదరాబాదు నగరపాలకసంస్థయు కలిసి దానిని త్రవ్వించి, పాత మెట్లు వెలికితీయించి, 2022 డిసెంబరులో ప్రజలకు తెఱచిరి. అచ్చట కొత్తగా కట్టిన భాగములును కలవు. కాని సాయంకాలమున బస్తీవారు వచ్చి చూచునది, నిలుచునది పూర్వమే యుండిన మెట్లచుట్టును. పూడినదానిని తీసిన చాలును, కూర్చుండుచోటు క్రిందనే యుండెను. మా గల్లీకి అంతటి శిల్పవైభవము లేదు. మూడు పొరల క్రింద మూరెడెత్తు అరుగులు మాత్రము కలవు.

దూరదేశపు మాట యొకటి చెప్పుటకు అనుమతింపుడు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో దుకాణముల వెనుక చెత్తడబ్బాలకును సరకుబండ్లకును విడిచిన సందులు 1980ల పిమ్మట క్రమముగా జనులు కూర్చుండి కాఫీ త్రాగు తావులైనవని ప్రపంచమంతట చెప్పుకొందురు. గోడలపై రంగులబొమ్మలను చూచి పర్యాటకులు మురియుదురు కాని, నన్ను ఆకర్షించినది అది కాదు. 1994లో డెన్మార్కు వాస్తుశిల్పి యాన్ గేల్ ఆ నగరపాలకులతో కలిసి చేసిన అధ్యయనమున, ఏ వీధిలో ఏ వేళ ఎందఱు నడచుచున్నారు, ఎందఱు ఆగుచున్నారు, ఎందఱు కూర్చుండుచున్నారు అని మనుష్యులు నిలుచుండి లెక్కించిరి. పదేండ్లకు మరల లెక్కించిరి. మనము బండ్లను లెక్కించెదము. రోడ్డు వెడల్పు చేయవలెనన్నచో కూడలియందు ఒకనిని నిలిపి లారీలెన్ని, బస్సులెన్ని యని గీతలు గీయించెదము. కూర్చున్నవారిని లెక్కించిన ఇంజినీరును నేనింతవఱకు చూడలేదు. లెక్కకు రానివారికి అంచనాలో చోటుండదు కదా.

సుందరీకరణమను మాట వినినపుడు నాకు కొంచెము భయము కలుగును. హైదరాబాదులోని మక్తా బస్తీ గోడలపై కళాకారులు వేసిన చిత్రములు చక్కనివి. వానిని నేను నిందింపను. కాని ఆ చక్కదనమును అనుకరించి జిల్లాలలో గోడగోడకును పులిబొమ్మలు, నెమలిబొమ్మలు వేయించి, మోరిని మాత్రము మోరిగానే యుంచి పోవు పద్ధతి యొకటి బయలుదేరినది. వానకాలము రెండు గడచుసరికి నెమలి ఈకలు రాలును, మోరి నిలుచును. సిమెంటు బల్లల సంగతియు నింతే. దాత పేరు, దాత తండ్రి పేరు, ఆవిష్కర్తల పేర్లు వీపుపలకపై చెక్కిన పిమ్మట, ఎండలో కాగి మధ్యాహ్నము పెనమగు ఆ బల్లపై కూర్చుండుటకు చెక్కినవారైనను వచ్చుదురా? 2019 తరువాత ఊరూర వెలసిన ప్రకృతివనములు మేలైన యాలోచనయే; చెట్లు పెరిగినచోట పిట్టలు చేరుచున్నవి. కాని ప్రభుత్వస్థలము దొరకుట ఊరిబయటనే కావున వనములు తఱచు ఊరిబయటనే పడినవి. మోకాళ్ళ నొప్పులుగల ముసలవ్వ అంతదూరము పోదు. ఒడిలో చాటయున్న ఇల్లాలు అసలే పోదు. వారికి కావలసినది కడపనుండి పదడుగులలోపల కూర్చుండు చోటు.

కలియుచోటు ఊరికేల యని ప్రశ్నించువారికి బోధను వైపు చూపెదను. 1931 నాటికి నిజాంసాగరు పూర్తియై మంజీర నీళ్ళు పొలములకు పారుటతో చెరకు పెరిగెను. 1937లో శక్కరునగరున నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమయ్యెను. ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. చెరకు క్రషింగు కాలమున చెరకు బండ్లు, తర్వాత ట్రాక్టర్లు బారులుతీరి నిలిచెడివి; తన వంతు వచ్చువఱకు రైతు బండిక్రింద పండుకొనెడివాడు, ప్రక్కబండి రైతుతో బేరములు, పెండ్లిమాటలు మాటలాడెడివాడు. షిఫ్టు దిగిన కార్మికుడు తిన్నగా ఇంటికి పోక చాయ్ హోటలున కొంతసేపు కూర్చుండెడివాడు. మనుష్యులు కలియుటకు ప్రత్యేకముగా ఎవ్వరును చోటు కట్టలేదు. పనియే వారిని కలిపినది. 2015 చివర ఆ కార్ఖాన మూతపడినది. రైతులు చాలమంది వరికి మరలిరి. వరికోత యంత్రము వచ్చి ఒక్క పూటలో పొలము ముగించి పోవును, ఎవ్వరును ఎవ్వరికొఱకును కాచుకొనియుండనక్కరలేదు. పనిలో నుండిన కలయిక పోయినపుడు, దానికి చోటును మనమే బుద్ధిపూర్వకముగా మిగుల్చుకొనవలసి యుండును. ఫ్యాక్టరీ తెఱచుట తమ చేతిలోనిది కాకపోవచ్చును. గల్లీ మట్టము తమ సంతకమున నున్నది.

ఇక మా గల్లీలో చేయదగిన పని. పాత పొరలు తీసి రోడ్డును దింపవలెను. మోరిని కాంక్రీటుతో శాశ్వతముగా మూసివేయక, ఇద్దఱు మనుష్యులు లేవనెత్తగల బండలతో కప్పవలెను; మూసిన మోరి మొదటి వానకాలములో బాగుండును, రెండవ వానకాలములో దానిలో నేమున్నదో దేవునికే యెఱుక. వేపచెట్టు మొదట నాలుగడుగుల నేల విడువవలెను. పూడిన బావిని తిరిగి త్రవ్వుమని నేను కోరను. దాని గట్టును మాత్రము సరిచేసినచో పదిమంది కూర్చుందురు. కూలిన ఇంటి జాగ వారసులు కొందఱు ఊరిలోను, కొందఱు నిజామాబాదులోను ఉన్నారు; ఆ జాగను గల్లీవారి వాడుకకు విడుచునట్లు వారిని ఒప్పించుట గ్రామపెద్దల పని, తమ పని కాదు. ఒప్పుకొననిచో కంపచెట్లు కొట్టించి ప్రహరీ కట్టించుకొనుమని అడిగెదము. దీపము చాల ఎత్తున ఊరంతటికి వెలుగునిచ్చునది వలదు, ఇంటి కప్పుకు కొంచెము పైన నున్న చాలును.

సుళువైన పని యని నేను తమకు చెప్పను. రోడ్డుక్రింద మిషన్ భగీరథ పైపులున్నవి, కొన్నిచోట్ల జానెడు లోతునకూడ లేవు; యంత్రముతో పెల్లగించినచో అవి పగులుట నిశ్చయము. కొళాయి కనెక్షన్లున్నచోట గునపముతో పని చేయించవలెను, అందుకు కూలి యెక్కువ. ఏనాడో కట్టిన రాతిగోడల పునాదులు ఎంతలోతు పోయినవో చూడక రోడ్డును దింపుటయు ప్రమాదమే. కొత్త ఇండ్ల ర్యాంపులు మఱింత నిట్రమగును. ఆ ఇంటివారు ఒప్పుకొనరు, వారి కోపమును నేను తప్పుపట్టను. రోగిని తీసికొనిపోవు బండి రావలెను, పెండ్లికి టెంటుసామాను రావలెను, పాడె పోవలెను. కావున గల్లీని బండ్లకు మూసివేయుమని కోరుట లేదు. పగటిపూట లారీయు ట్రాక్టరును దూరకుండునట్లు గల్లీ మొదట ఒక తీయదగిన రాతికంబము పాతినచో చాలును. చట్టము ప్రకారము రెండు నెలలకొకమారు జరుగవలసిన గ్రామసభలో ఈ గల్లీవారిని, ర్యాంపులవారిని, అరుగులవారిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి అడుగవలెను. ఆ సభ సాయంకాలము అయిదు గంటలకు పెట్టినచో బీడీలు చుట్టు స్త్రీలెవ్వరును రాజాలరు, ఆ వేళ కార్ఖానలో కట్టలు అప్పగించుచుందురు. రాత్రి అన్నములైన పిదప పెట్టింపుడు.

ఈ గల్లీలోనే బతుకమ్మలు నడుమ పెట్టి ఆడుదురు. వాలు రోడ్డుపై ర్యాంపుల నడుమ వలయము తిరుగలేక ఇటీవల గుంపు రెండుగా చీలి, ఒకటి బడిఆవరణకు పోవుచున్నది. పీర్ల పండుగనాడు అలావ నిప్పులగుండమునకు చోటు కావలెను. హిందువులును ముసల్మానులును కలిసి నిలుచు ఘడియలు ఊరిలో ఎన్నో లేవు, ఉన్నవానికైనను నేల చదునుగా నుండవలెను. ఇట్టి అవసరములు ఏ డ్రాయింగులోను కనబడవు, ఆ ఇండ్ల ఆడువారిని అడిగిననే తెలియును.

ఖర్చెంతయని తమరు అడుగుట న్యాయము. పుష్కరఘట్టముల వ్యయముతో పోల్చినపుడు ఒక గల్లీ మట్టము దింపు వ్యయము పద్దులో కంటికి ఆనదు. అంకె మాత్రము నేను చెప్పజాలను, తమ ఇంజినీరు గారు చెప్పవలసినది. వారు అంచనా వ్రాయుటకు ముందు మట్టము కొలుచు డంపీ లెవెలుతో ఒకమారు వచ్చి, ప్రతి కడపకును రోడ్డు ఎంత ఎత్తున నున్నదో కొలువవలెనని నా ప్రార్థన. అదే వారము ఉదయము, మధ్యాహ్నము, రాత్రి ఆ గల్లీలో ఎందఱు కూర్చుండుచున్నారో, ఎందఱు నిలుచుచున్నారో ఒక కాగితముపై గీతలు గీసి లెక్కింపవలెను. లెక్కించుటకు ఊరి కళాశాల పిల్లలను నేను సమకూర్చెదను. కొలతకఱ్ఱ పట్టుకొనుటకు గల్లీలో మనుష్యులు కలరు. ఇంజినీరు గారు మధ్యాహ్నము వచ్చినచో మిగిలిన ఆ అరుగునే మొదట కొలువవలెనని కోరుచున్నాను. స్త్రీలు లేచి చోటిత్తురు. చాటలు ప్రక్కకు జరుపుకొనుటకు కొంచెము వ్యవధి మాత్రము ఇయ్యవలెను.

భవదీయ విధేయుడు,
కందకుర్తి గ్రామవాసి